చేతి మీద చెయ్యి

ఫిబ్రవరి 11

మరదలా,

రోజంతా ఊరివాళ్ళకి స్టాంపులు అమ్మేదాన్ని, నా సొంతానికి ఒకటి అతికించుకుని ఎన్నాళ్ళయిందో. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. మీ అన్నయ్య పక్కగదిలో ఉండగా ఈ మాటలు ఫోన్లో కుదరవు. నీ గొంతు ఆ ఫోన్లోంచి వీధి చివరిదాకా వినిపిస్తుంది. అందుకని తపాలా ఆఫీసులోనే కౌంటరు మూసేసి, టీ చల్లారబెట్టుకుని మరీ రాస్తున్నాను. జవాబు కూడా ఆఫీసు చిరునామాకే రాయి. ఇంటికి రాశావో, నా కొంప మునిగిందే.

విషయం ఏమిటంటే, మీ అన్నయ్య కుడిచెయ్యి పైకి లేవడం లేదు.

ఎప్పట్నుంచో నాకూ తెలియదు. ఆ మనిషి చెబితే కదా. మొన్న అటక మీద రంగు డబ్బా దించమంటే, "నువ్వే దించుకో, పొడుగ్గానే ఉన్నావుగా" అన్నారు. పెళ్ళయినప్పట్నుంచీ నన్ను పొట్టిదానా అని ఏడిపించే మనిషి. అప్పుడొచ్చింది నాకు అనుమానం. మర్నాడు చొక్కా తొడుక్కుంటుంటే తలుపు సందులోంచి చూశాను. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్లకి తొడిగినట్టు దానికి చొక్కా తొడుగుతున్నారు.

డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఎముక విరగలేదు, లోపల ఏమీ తెగలేదు, భుజం కీలు బిగుసుకుపోయింది అన్నారు. ఈ వయసులో కొందరికి అలా అవుతుందట. దానంతటదే వదులవుతుంది కానీ ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చునట. కసరత్తులు రాసిచ్చారు. ఆ కాగితం మీ అన్నయ్య మడిచి బల్ల కాలి కింద పెట్టారు, ఊగుతోందని.

ఏడాది ఆగే వీలుంటే నీకు రాసేదాన్ని కాదు. ఇక్కడ కొత్త ఆసుపత్రి కట్టారు. దాని ముందుగోడ మీద పేరు రాసే పని ఈయన ఒప్పుకున్నారు. ఒక్కో అక్షరం మనిషంత. వానలు మొదలయ్యేలోపు అయిపోవాలి, లేదంటే ఫ్లెక్సీ కట్టించేస్తాం అంటున్నారు వాళ్ళు. అందరూ రంగుల మాస్టారనే మీ అన్నయ్య చేతిరాత లేని దుకాణం ఈ ఊళ్ళో లేదు, నీకు తెలుసుగా. నిన్న అన్నం దగ్గర కూర్చుని, "ఈ గోడ చెయ్యలేకపోతే బ్రష్షులన్నీ ఎవరికైనా ఇచ్చేస్తాను. అదే ఆసుపత్రి గేటు దగ్గర కాపలాకి కూర్చుంటాను" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నారు.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆ మిగతా సగం ఇక్కడ మూలుగుతున్నాడు, వచ్చి చూసుకోమని అనను. నువ్వు రావని తెలుసు. నీకు ఆయన మీద ఉన్న కోపం ఉండనీ, భుజం ఏం చేసింది పాపం. ఒళ్ళునొప్పులు తగ్గించడం నేర్చుకున్నదానివి. ఏదో ఒక దారి చెప్పు.

పగలల్లా ముద్రలు కొట్టీ కొట్టీ, ఇప్పుడు నీ ముందు చెయ్యి చాచిన
వదిన


ఫిబ్రవరి 20

వదినా,

నీ ఉత్తరం మసాజ్ బల్ల మీద పరిచి చదివాను. ఇక్కడ ఖాళీగా ఉండే బల్ల అదొక్కటే.

నా గది నువ్వెప్పుడూ చూడలేదు కదా. మధ్యలో బల్ల, తల దగ్గర ముఖం పట్టేంత రంధ్రం. బోర్లా పడుకున్నవాళ్ళ ముఖం అందులో ఉంటుంది, నాకు కనిపించేది వీపు మాత్రమే. ఒక మూల వేడినీళ్ళ గిన్నెలో నూనె సీసా, ఇంకో మూల మడత పెట్టిన తువ్వాళ్ళు, గోడకి కండరాల పటం. ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి, నొప్పికి కారణం వెతికి పనిచెయ్యడం ఒక పద్ధతి. దాన్ని రెమెడియల్ మసాజ్ అంటారు. అది పొద్దున చేస్తాను. మధ్యాహ్నం పెద్దమ్మ దగ్గర చైనా పద్ధతి.

పెద్దమ్మ అంటే మన పెద్దమ్మ కాదు. చైనా నుంచి వచ్చిన మా గురువు. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకి సగమే వచ్చు. మనిషి నీకన్నా పొట్టి, నిజంగా. కానీ ఆవిడ చేతులు చూడాలి. చేతి వెనకవైపు, వేళ్ళ కణుపులు ఉంటాయే, దాన్ని వీపు మీద అలా దొర్లిస్తుంది. తోసినట్టే ఉండదు. ఎంతటి మొండి వీపైనా కాసేపటికి ఉడికిన దుంపలా మెత్తబడుతుంది. నేర్చుకునే రోజుల్లో నన్ను నెలల తరబడి బియ్యం సంచి మీద దొర్లించమంది. సంచిలో గింజ కదలాలి, సంచి కదలకూడదు. నాకు ఏడుపొచ్చేది.

ఇన్నేళ్ళయినా నాకీ పని అలవాటు కాలేదు వదినా. రోజూ వింతే. నిన్న ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. మెడ నొప్పి అన్నాడు. పెద్దమ్మ మెడ ముట్టుకోలేదు. క్లచ్చు తొక్కే కాలి పిక్క పట్టుకుంది. అతను ఏదో చెబుతూ చెబుతూ మాట మధ్యలో నిద్రపోయాడు. లేచి, మెడ అటూ ఇటూ తిప్పి, ఎవరో తన సామాను తనకి తిరిగి ఇచ్చినట్టు మా వైపు చూశాడు. ఈ ఒంట్లో ఎక్కడి తీగ ఎక్కడ మోగుతుందో ఎవరికి తెలుసు.

అన్నయ్య సంగతి పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ చెప్పింది ఇది, శ్రద్ధగా చదువు. కుడి మోకాలికీ చీలమండకీ సరిగ్గా మధ్యలో, కాలి ముందు ఎముకకి బయటివైపు, బొటనవేలు పట్టే చిన్న లోయ ఉంటుంది. నొక్కితే అక్కడ తీపుగా నొప్పెడుతుంది. దాన్ని బొటనవేలితో నెమ్మదిగా నొక్కి పట్టుకో. నువ్వు పట్టుకునే ఉండాలి, అన్నయ్య కుడిచెయ్యి పైకెత్తుతూ ఉండాలి. ఎక్కడ ఆగితే అక్కడ ఆపమను. బలవంతం వద్దు. రోజూ చెయ్యి. డాక్టరు చెప్పిన కసరత్తులు కూడా మానకూడదు, ఆ బల్ల కింద ఇంకేదైనా పెట్టు.

నేను చెప్పానని మాత్రం అనకు. నా చేతులు తనకి పనికిరావని ఒకసారి తేల్చేశాడుగా.

గింజ కదిలించగలిగి, సంచిని ఇంకా కదిలిస్తూనే ఉన్న
నీ మరదలు


మార్చి 3

మరదలా,

నీ ఉత్తరం అందింది. అందులో సగం ఎవరిదో వచ్చేసింది. కాలి సంగతి రాసిన పేజీ వేరే కవరులో పెట్టాల్సింది, తొందరలో మీ అన్నయ్య పేరు కూడా రాసేసి నాకు పెట్టేశావు. తపాలా శాఖలో ఇలాంటివి రోజూ చూస్తాను, సిగ్గుపడకు. పాపం ఎవరికో కాలు నొప్పి, వాళ్ళకి భుజం పేజీ వెళ్ళి ఉంటుంది. ఇదిగో, నీ పేజీ దీంతోపాటు తిప్పి పంపిస్తున్నాను. భుజం నొప్పని రాస్తే కాలు నొక్కమంటే నవ్విపోరూ. బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటారు, మీ అన్నయ్యకి రెండూ ఉన్నాయి కూడా.

నా పేజీ వచ్చేదాకా ఆగలేక సొంత వైద్యం మొదలుపెట్టాను. నూనె కాచాను. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నుంచి అప్పడాల కర్రతో భుజం మీద ఒక్కసారి, ఒకే ఒక్కసారి దొర్లించాను. నీ పెద్దమ్మ దొర్లిస్తుందన్నావుగా. అంతే. స్టూలు ఒకవైపు, ఆయన ఒకవైపు, నూనె గిన్నె నా మీద. పడేటప్పుడు కుడిచెయ్యే ఆనించారు. ముందు ఛాతీ దాకా లేచే చెయ్యి ఇప్పుడు బొడ్డు దాటడం లేదు. మళ్ళీ డాక్టరు చూశారు, కొత్తగా ఏమీ విరగలేదు. నా నోరే పడిపోయింది.

ఇంకెవరినీ ముట్టుకోనివ్వనని ఖరాఖండిగా చెప్పేశారు. ఆసుపత్రివాళ్ళు గోడకి సున్నం కొట్టించి పెట్టారు. తెల్లగా అలా చూస్తూ ఉంది.

"నా చేతులు పనికిరావని తేల్చేశాడు" అని రాశావు. అదేమిటో నాకర్థం కాలేదు. ఎప్పుడన్నారు?

అప్పడాలు మానేసిన
వదిన


మార్చి 12

వదినా,

పేజీ మారలేదు. అది అన్నయ్య కాలి గురించే. దీంతోపాటు మళ్ళీ పంపుతున్నాను, దాచుకో.

తిప్పి పంపిన పేజీ చూసి నవ్వొచ్చింది, కింద సంగతి చదివాక నవ్వు ఆగిపోయింది. నమ్మవని తెలుసు, నేనూ నమ్మలేదు. అందుకే నీ ఉత్తరం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికెళ్ళాను. ఆ రోజు ఇలాంటి భుజంతోనే వంటమనిషి ఒకావిడ వచ్చింది. పై అరలో గిన్నె అందుకోలేక ఉద్యోగం మానేద్దామనుకుంటోందట. పెద్దమ్మ ఆవిడ ముందు కింద కూర్చుని, కాలి మీద బొటనవేలు పెట్టి, కళ్ళు మూసుకుంది. "ఎత్తు" అంది. చెయ్యి భుజం దాకా వచ్చింది. కాసేపాగి మళ్ళీ "ఎత్తు" అంది. చెవి దాటింది. ఆవిడ తన చేతిని తనే తల వెనక్కి వంచి చూసింది, పక్షి ఎగిరినట్టు. ఎందుకలా అవుతుందని అడిగితే పెద్దమ్మ, "నాకేం తెలుసు. మా అమ్మ నొక్కేది, నేనూ నొక్కుతున్నా. అందరికీ ఇంత లేవదు. నువ్వు నొక్కు, చెయ్యి ఎత్తడం ఆవిడ పని" అంది.

కానీ ముట్టుకోనివ్వని మనిషికి ఏ విద్య ఏం చేస్తుంది.

ఎప్పుడన్నాడని అడిగావు. నోటితో అనలేదు. అమ్మ పోయిన రోజు ముందుగదిలో అందరం ఉన్నాం. అన్నయ్య స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఏడవడం లేదు. భుజాలు రెండూ చెవుల దగ్గరికొచ్చేశాయి. నాకూ తనకీ పన్నెండేళ్ళు తేడా, నాకు ఊహ తెలిసేసరికే పనికి వెళ్ళిపోయాడు. దగ్గరికెళ్ళి ఏం చెప్పాలో నాకెప్పుడూ తెలియదు. అప్పుడప్పుడే ఈ పని నేర్చుకుంటున్నాను. నా చేతికి తెలిసింది అదొక్కటే. వెనకగా వెళ్ళి రెండు చేతులూ తన భుజాల మీద వేశాను. బియ్యం సంచి తర్వాత నేను చెయ్యి వేసిన మొదటి మనిషి మా అన్నయ్య.

విదిలించి కొట్టాడు. ముఖం ఎర్రగా చేసుకుని, నా వైపు చూడకుండా, పెరటి తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. పక్కనున్న ఒకావిడ నెమ్మదిగానే అంది, "ఊరందరి ఒళ్ళూ పట్టే చేతులాయె, వాడికి నచ్చలేదేమోలే" అని. సాయంత్రం దాకా తను లోపలికి రాలేదు. మర్నాడు నేను బస్సెక్కాను.

అప్పట్నుంచీ ఎన్ని వందల వీపులో. ప్రతి వీపు మీదా మొదట చెయ్యి వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను, విదిలిస్తారేమోనని.

పెద్దమ్మ చెప్పింది నీకు రాశాను. నా వల్ల అయింది ఇంతే.

మరదలు


మార్చి 19

ఓసి పిచ్చి పిల్లా,

ఉత్తరం చదివి కౌంటరు దగ్గర లైన్లో ఉన్నవాళ్ళని వదిలేసి వెనకగదిలోకి వెళ్ళిపోయాను. తర్వాత ఒకాయన అడిగిన స్టాంపుకి బదులు కవరిచ్చాను.

మీ అన్నయ్య నా చేత పెళ్ళయిన కొత్తలో ఒక ఒట్టు వేయించుకున్నారు. ఫలానా సంగతి నోటితో ఎవరికీ చెప్పనని. ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నాను. ఇప్పుడూ నోటితో చెప్పడం లేదు, చేత్తో రాస్తున్నాను. తపాలా శాఖలో పనిచేసేదానికి ఆ మాత్రం సందు దొరక్కపోదు.

మీ అన్నయ్యకి చక్కిలిగిలి.

నవ్వకు. మామూలు చక్కిలిగిలి కాదు. మెడ మీద గాలి తగిలితే చాలు, ఒళ్ళంతా మెలికలు తిరిగిపోతుంది. అంత గొంతు, అంత మీసం, నిచ్చెన మీద నిలబడితే ఊరంతా తలెత్తి చూసే మనిషి. టైలరు చేత కొలతలు తీయించుకోరు, పాత చొక్కా ఇచ్చి పంపిస్తారు. ఎవరైనా భుజం తడితే నాలుగడుగులు అవతల తేలతారు, జనం గర్వం అనుకుంటారు. పరువు పోతుందని ఆయన భయం. ఇన్నేళ్ళ కాపురంలో నేను నా మొగుడి మెడ మీద చెయ్యి వేసి ఎరగను. అప్పడాల కర్రకి ఎగిరి పడ్డది కూడా నొప్పితో కాదు, అది నీకు రాయలేక మింగేశాను.

ఇక ఆ రోజు సంగతి. ఆయన పెరట్లోకి పరిగెత్తితే వెనకే వెళ్ళాను. నీళ్ళ తొట్టి వెనక నేల మీద కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. నీ చేతులు పడేసరికి నవ్వు తన్నుకొచ్చేసింది. లోపల అత్తయ్య అలా పడుకుని ఉంది, ముందుగది నిండా జనం. ఇంకో క్షణం ఆగితే వాళ్ళందరి ముందూ పగలబడి నవ్వేవారు. అందుకే నిన్ను విదిలించుకుని పారిపోయారు. ఆ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులో పడ్డారు. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో నాకు తెలియలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం ఇద్దరం.

"అమ్మ పోయిన రోజు నవ్వాను. చెల్లి వినే ఉంటుంది. ఇక నా ముఖం చూడదు" అన్నారు. మర్నాడు నువ్వు చెప్పకుండా బస్సెక్కావు. ఆయనకి అది ఖాయమైపోయింది. నాకూ అయింది. నువ్వు ఆ నవ్వు విన్నావని, అందుకే ఈ కోపమని, ఈ రోజు దాకా ఇద్దరం అనుకుంటూనే ఉన్నాం. నీ పేరెత్తితే ఆయన లేచి వెళ్ళిపోయేది అందుకు.

ఏడేళ్ళమ్మా. నా కౌంటరు మీంచి ఎన్ని ఉత్తరాలు వెళ్ళాయో, ఈ ఒక్కటి రాయాలని నాకు తట్టలేదు.

గోడకి బొగ్గుతో గీతలు గీసి వచ్చారట, ఎడమచేత్తో. బ్రష్షు ఎడమచేతికి లొంగదు. చక్కిలిగిలి మనిషికి మీ దగ్గర ఏదైనా దారుందా?

ఒట్టు తప్పీ తప్పని
వదిన


మార్చి 27

వదినా,

తువ్వాళ్ళు ఆరేసే చోట నిలబడి చదివాను. మొదట ఫక్కున నవ్వాను. తర్వాత తడి తువ్వాలు ఒకటి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. పెద్దమ్మ వచ్చి ఆ తువ్వాలు తీసి చూసింది.

ఆవిడకి భాష సగమేగా. చక్కిలిగిలికి ఆవిడ మాట ఏమిటో తెలియక నా డొక్కలో నేనే వేలు పెట్టుకుని గెంతి చూపించాను. ఆవిడ నవ్వలేదు. లోపలికి రమ్మని బల్ల మీద కూర్చోబెట్టింది. "నీకు నువ్వు పెట్టుకో" అంది. పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఆవిడ వేలు చూపించిందో లేదో ఎగిరి పడ్డాను. ఇది చిన్నప్పట్నుంచీ తెలిసిందే కదా వదినా, ఎవరికి వాళ్ళం చక్కిలిగిలి పెట్టుకోలేమని. ఎప్పుడైనా ఆగి ఆలోచించామా? చర్మానికి ఎలా తెలుస్తుంది, వచ్చిన చెయ్యి ఎవరిదో.

అప్పుడు పెద్దమ్మ నా ఎడమచెయ్యి తీసి నా కుడి భుజం మీద పెట్టింది. దాని మీద తన చెయ్యి పెట్టింది. నొక్కింది. నేను ఎగరలేదు. నా భుజానికి తగిలింది నా చెయ్యే, దాని వెనక బలం మాత్రం ఆవిడది. "ఈ ఒళ్ళు కాపలా ఎక్కువున్న ఇల్లు. నువ్వు తలుపు తోస్తే ఎవరు తీస్తారు? ముందు ఇంటాయన్ని పంపించు, వెనకాల నువ్వెళ్ళు" అంది. పటం పెట్టుకుని అన్నేళ్ళు చదివాను, ఇంత చిన్న సంగతి నాకెవరూ చెప్పలేదు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. వెనక కూర్చోకు, నువ్వు కనిపించేలా పక్కన కూర్చో. తన ఎడమచేతిని కుడి భుజం మీద పెట్టుకోమను. దాని మీద నీ చెయ్యి పెట్టి ఊరికే ఉండు. నొక్కాలని కూడా అనుకోకు. తను పెద్ద ఊపిరి తీసుకున్నాక నెమ్మదిగా బరువు వెయ్యి. కాలికీ అంతే. కాలు చిన్న పీట మీద పెట్టించి, ఆ లోయలో తన ఎడమ బొటనవేలు, దాని మీద నీది. అప్పుడు కుడిచెయ్యి ఎత్తమను.

పెద్దమ్మ ఇంకో మాట అంది. "ఏదో ఒక రోజు తన చెయ్యి తనే తీసేస్తాడు. తియ్యమని అడగొద్దు. ఎదురు కూడా చూడొద్దు."

ఆ నవ్వు నేను వినలేదని అన్నయ్యకి చెప్పు. వినుంటే నేనూ పెరట్లోకి వచ్చేదాన్ని.

నీ సగం మొగుడు,
మరదలు


ఏప్రిల్ 16

మరదలా,

మొదటి రోజు చెడగొట్టాను. ఆయన బొటనవేలి మీద నా బొటనవేలు పెట్టి ధన్‌మని నొక్కాను, కవరు మీద ముద్ర కొట్టినట్టు. ఇన్నేళ్ళ చేతివాటం, ఎక్కడికి పోతుంది. "నేనేమన్నా పార్సిలునా" అని లేచిపోయారు. రెండో రోజు నీ ఉత్తరం మళ్ళీ చదువుకుని, ముద్రలేసే కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచెయ్యి వాడాను. దానికి తొందర తెలియదు.

ఏం చెప్పమంటావు. ఆయన చెయ్యి భుజం మీద పెట్టుకున్నారు. నేను దాని మీద నా చెయ్యి పెట్టాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని బిగుసుకుని కూర్చున్నారు. రాలేదు. ఒక కన్ను తెరిచి నా వైపు చూశారు. "ఏం చేశావే" అన్నారు. "ఏం చెయ్యలేదు, ఉన్నాను" అన్నాను. అప్పుడు ఊపిరి వదిలారు. చెవి దగ్గరున్న భుజం దానంతటదే కిందికి దిగింది. మా ఇద్దరి చేతులూ దాంతోపాటు దిగాయి. పెళ్ళినాడు పట్టుకున్న చెయ్యే, కానీ దానికింద ఆయన వెచ్చగా, కుదురుగా, పారిపోకుండా ఉండటం ఇదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, ఎవరికి చెప్పుకోను, నీకే చెబుతున్నాను.

తర్వాత కాలు. బోడిగుండుకీ మోకాలికీ ముడి ఉందే తల్లీ. వేలి మీద వేలు పెట్టి "ఎత్తండి" అన్నాను. బొడ్డు దగ్గర ఆగే చెయ్యి ఛాతీ దాటింది. ఆయన దాన్ని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశారు. రోజూ చేస్తున్నాం. బల్ల కాలి కింద కాగితం తీసి ఆ కసరత్తులు కూడా చేస్తున్నారు. ఒక రోజు లేస్తుంది, ఒక రోజు మొరాయిస్తుంది. నిన్న తలుపు గొళ్ళెం అందుకున్నారు.

"ఇదెవరు చెప్పారు" అని అడిగారు. చెప్పేశాను, అంతా. ఒట్టు గురించి కూడా. కోప్పడతారనుకున్నాను. చాలాసేపు బ్రష్షులు కడుక్కుంటూ కూర్చున్నారు, శుభ్రంగా ఉన్నవే. ఆఖరికి, "అయితే చెల్లి వినలేదా" అన్నారు. వినలేదన్నాను. "నా మీద కోపం లేదా?" అన్నారు. లేదన్నాను. కడిగిన బ్రష్షు మళ్ళీ కడిగారు.

నీ పెద్దమ్మకి ఈ ఊరి తపాలా ఆఫీసు తరఫున ఒక నమస్కారం.

వదిన


మే 20

మరదలా,

గోడ మొదలైంది. రోజూ పనిలోంచి వస్తూ చూస్తున్నాను. ఊరంతా చూస్తోంది, ఎందుకంటే అక్షరాలకి తలకట్లు లేవు. నిలబడే పరంజా పలకని ఇంకా పైకి కట్టడానికి చూరు అడ్డం. తలకట్టు పెట్టాలంటే చెయ్యి తల మీదికి నిటారుగా లేవాలి. ఆ ఒక్క జానెడు రావడం లేదు. మొదలు పెట్టిన అక్షరాలన్నీ బోడి తలలతో ఎండలో నిలబడ్డాయి, ఆయన లాగే. ఆకాశంలో మబ్బులు కూడా మొదలయ్యాయి.

ఈ కాగితం కింద చోటు వదలమన్నారు మీ అన్నయ్య. వదిలాను. ఆయన రాస్తుంటే నేను చూడకూడదట.

వదిన

అమ్మాయ్. ఇది కుడిచేత్తోనే రాస్తున్నాను. నీ వేలి విద్య వల్ల ఇంతదాకా వచ్చింది. ఇంక జానెడు ఉంది. మీ వదిన చెయ్యి మంచిదే కానీ ముద్ర గుర్తొస్తే భయం. నువ్వొకసారి రా. పరిగెత్తనని చెప్పలేను. ప్రయత్నిస్తాను. — అన్నయ్య


జూన్ 9

వదినా,

నిన్న తిరిగొస్తూ నేనెక్కిన బస్సు ఆసుపత్రి ముందు నుంచే వచ్చింది. తలకట్లన్నీ పెట్టేశాడు. ఆఖరిది ఇంకా తడిగా మెరుస్తోంది. అన్నయ్య కింద రోడ్డు మీద నిలబడి తలెత్తి చూసుకుంటున్నాడు. నా బస్సు కనబడగానే చెయ్యి ఊపాడు. కుడిచెయ్యి, తల మీదుగా. కిటికీలోంచి నేను కూడా ఊపుదామని మర్చిపోయి, ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. ఊరు దాటగానే వాన అందుకుంది. ఒక్క పూట ఆలస్యమయితే ఏమయ్యేదో.

నేనొచ్చిన మర్నాడు నువ్వు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి "ఏమైంది, ఏమైంది" అని అడిగావు. మేమిద్దరం జవాబు చెప్పలేకపోయాం. తర్వాత కూడా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ముందుగదిలో అదే స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. గోడకి అమ్మ ఫోటో. రంగు ధర గురించి కాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత తనే ఎడమచెయ్యి తీసి కుడి భుజం మీద పెట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి, నేను కనిపిస్తున్నానో లేదో చూసుకుని, దాని మీద నా చెయ్యి పెట్టాను. పెట్టే ముందు ఆ ఒక్క క్షణం ఆగాను, ఎప్పటిలాగే.

అన్నయ్య చెయ్యి ఇన్నేళ్ళ రంగులతో గరుకుగా ఉంది. దాని కిందనుంచి ఊపిరి తెలుస్తోంది. నేనేమీ చెయ్యలేదు, బియ్యం సంచి దగ్గర నేర్చుకున్నట్టు బరువు మాత్రం వదిలాను. భుజం దిగింది. తన వేలూ నా వేలూ కాలి మీద పెట్టాం. చెయ్యి లేచింది. చెవి దాటింది. జానెడులో సగం ఉంది. మళ్ళీ భుజం దగ్గరికొచ్చాం, తన చెయ్యి మీద నా చెయ్యి. అలా ఎంతసేపున్నామో.

అప్పుడు తన చెయ్యి తీసేశాడు వదినా. నేను అడగలేదు. ఎదురు కూడా చూడలేదు. నా అరచేతి కిందనుంచి నెమ్మదిగా, అంచెలంచెలుగా లాగేసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. నా చెయ్యి ఒక్కటే, తన భుజం మీద.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మెడ వణికింది. మీసం వణికింది. నేను చెయ్యి తియ్యబోయాను. "తియ్యకు" అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. ఎలాంటి నవ్వనుకున్నావు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఒళ్ళంతా మెలికలు తిరుగుతోంది, స్టూలు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. "తియ్యకు, తియ్యకు" అంటూనే నవ్వుతున్నాడు. నాకూ నవ్వొచ్చేసింది. అమ్మ ఫోటో ముందు, అమ్మ కూర్చునే చోట, ఇద్దరం పిచ్చివాళ్ళలా. ఆ నవ్వుల మధ్యలో ఫోటో వైపు చూపించడానికి కుడిచెయ్యి ఎత్తాడు. అది నిటారుగా తల మీదికి వెళ్ళిపోయింది. మేమిద్దరం గమనించనే లేదు. గుమ్మంలోంచి నువ్వు చూసింది ఆ చేతినే.

ఈసారి ఎవరూ పెరట్లోకి వెళ్ళలేదు.

అన్నయ్య మీద వేసిన చేతితోనే ఇది రాస్తున్న
మరదలు